పసుపు నంబర్ బోర్డు ఈకో, వాడేది ఇంటికే: ప్రైవేట్ ఇన్సూరెన్స్ ఎందుకివ్వరు?

వ్యాను_వెంకటేశం

సెకండ్ హ్యాండ్‌లో మారుతి ఈకో వ్యాను తీసుకున్నాను. ఏడు సీట్ల బండి, ఇంజిన్ బాగుంది, బాడీకి తుప్పు లేదు. అమ్మినాయన ట్యాక్సీగా తిప్పేవాడు కాబట్టి పసుపు బోర్డు. నేను ఒక్కరోజు కూడా కిరాయికి తిప్పను. అమ్మకి మోకాళ్లు వంగవు. మామూలు కారులో కూర్చోబెట్టాలంటే ఇద్దరం పట్టుకోవాలి. ఈకోకైతే పక్క తలుపు జరిపితే చాలు, సీటు అంచున కూర్చుని తనంతట తనే లోపలికి తిరుగుతుంది. దానికోసమే కొన్నాను.

ఈ నెలాఖరుకి ఇన్సూరెన్స్ అయిపోతోంది. ఏజెంట్‌ని అడిగితే "పాసింజర్ వెహికల్ పాలసీయే వస్తుంది సార్" అని కొటేషన్ పంపాడు. ఒక్క థర్డ్ పార్టీయే (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) 13,808 రూపాయలు. పైన జీఎస్టీ, ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి) వేరే. మా పక్కింటాయనదీ ఈకోనే, అదే 1,197 సీసీ ఇంజిన్, కాకపోతే వైట్ బోర్డు. ఆయనకి థర్డ్ పార్టీ 3,416. ఇంటి వాడకానికే అని కాగితం రాసిస్తానన్నా ఒప్పుకోవట్లేదు. వేరే కంపెనీలూ అదే మాట. వాడేది ఇంటికే అయినప్పుడు ప్రైవేట్ పాలసీ ఇవ్వడానికి అడ్డం ఏంటి? ఎవరైనా తీసుకున్నారా?

స్టీరింగ్_సుబ్బు

ముందు ఆర్సీలో ఏముందో చెప్పండి. మోటార్ క్యాబా (చిన్న ట్యాక్సీ), మ్యాక్సీ క్యాబా (పెద్దది), గూడ్స్ క్యారియరా (సరుకు బండి)? దాన్నిబట్టే అంతా.

వ్యాను_వెంకటేశం

మోటార్ క్యాబ్. డ్రైవర్‌తో కలిపి ఏడు సీట్లు. ట్యాక్స్ మూడు నెలలకోసారి కట్టేది.

ఆన్‌లైన్_అప్పారావు

ఇంత టెన్షన్ ఎందుకండీ. ఆన్‌లైన్‌లో "ప్రైవేట్ కార్" అని ఎంచుకుని, మోడల్ ఈకో అని కొట్టి, నంబర్ వేయండి. పాలసీ పీడీఎఫ్ వచ్చేస్తుంది. మా గూడ్స్ వ్యానుకి ఎప్పటినుంచో అలాగే చేస్తున్నాం. పోలీసులు ఆపినా "ఇన్సూరెన్స్ ఉందా, ఉంది, పో" అంతే.

మల్కాజిగిరి_మధు

పోలీసాయన చూసేది తేదీ ఒక్కటే అన్నా. క్లెయిమ్ నాడు చూసేటోడు వేరే ఉంటడు.

సర్వేయర్_శాస్త్రి

అప్పారావు గారి సలహా ఎవరూ పాటించవద్దు. మొహమాటం లేకుండా చెప్తున్నాను. నేను వాహన నష్టాల సర్వేయర్‌గా పనిచేసి రిటైరయ్యాను. క్లెయిమ్ రాగానే నేను బండి కూడా చూడకముందు పక్కపక్కన పెట్టుకునేవి రెండు కాగితాలు: ఆర్సీ, పాలసీ. ఆర్సీలో "గూడ్స్ క్యారియర్", పాలసీలో "ప్రైవేట్ కార్" అని ఉంటే ఆ ఫైలు అక్కడే ఆగిపోతుంది. బండికి ఏం తగిలింది, ఎవరి తప్పు అన్నది తర్వాత మాట. అసలు వాహనాన్నే వేరేదిగా చూపించి పాలసీ తీసుకున్నారని కంపెనీ లెటర్ ఇస్తుంది.

ఇక వెంకటేశం గారి ప్రశ్న. కంపెనీకి మీ వాడకంతో పని లేదని కాదు, కానీ అది రెండో మెట్టు. మొదటి మెట్టు ఆర్సీ. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం బండి ట్రాన్స్‌పోర్టా (కిరాయికో సరుకుకో), నాన్-ట్రాన్స్‌పోర్టా (సొంతానికి) అన్నది రిజిస్ట్రేషన్ తేలుస్తుంది. థర్డ్ పార్టీ ప్రీమియం కంపెనీ ఇష్టం కాదు, కేంద్ర రవాణా శాఖ నోటిఫై చేసిన పట్టిక. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టికలో 1000 నుంచి 1500 సీసీ ప్రైవేట్ కారుకి 3,416. అదే సీసీలో ఆరుగురు ప్రయాణికుల వరకు ఎక్కే కిరాయి బండికి 7,940, దానికి తోడు ఒక్కో ప్రయాణికుడికి 978. మీకు డ్రైవర్ కాక ఆరుగురు, అంటే 5,868. రెండూ కలిపితే 13,808. మీ ఏజెంట్ లెక్క పైసాతో సహా సరిపోయింది. పాపం, ఆయన మిమ్మల్ని మోసం చేయట్లేదు.

కాబట్టి ఇన్సూరెన్స్ ఆఫీసులో పోట్లాడి లాభం లేదు. పని ఆర్టీఓ ఆఫీసులో ఉంది. ఆర్సీ మార్పించుకోండి, పాలసీ దానంతటదే మారుతుంది.

ఆన్‌లైన్_అప్పారావు

శాస్త్రి గారూ, మీరు చెప్పేది పుస్తకంలో మాట. సుప్రీంకోర్టే 75 శాతం ఇవ్వాలని చెప్పింది కదా, వాడకం వేరైనా సరే. మొత్తం పోయేదేం లేదు.

సర్వేయర్_శాస్త్రి

ఆ తీర్పు 2008 నాటి నితిన్ ఖండేల్వాల్ కేసు. అందులో బండి ప్రైవేట్, పాలసీ కూడా ప్రైవేటే. రెండూ కలిశాయి. ట్యాక్సీగా తిప్పుతుండగా బండి దొంగతనానికి గురైంది. దొంగతనానికీ కిరాయికీ సంబంధం లేదు కాబట్టి నాన్-స్టాండర్డ్ పద్ధతిలో, అంటే షరతు తప్పినందుకు కొంత కోసి, 75 శాతం ఇచ్చారు. 2010లో అమలేందు సాహూ కేసులోనూ దాదాపు ఆ దారే. మీది అది కాదు. మీరు గూడ్స్ బండిని కారు అని చెప్పి పాలసీ కొన్నారు. పైగా ఆ 75 శాతం కోసం వాళ్లు జిల్లా ఫోరం నుంచి సుప్రీంకోర్టు దాకా తిరిగారు. అదీ ఓన్ డ్యామేజ్ సంగతి. రోడ్డు మీద మనిషి చనిపోతే ట్రిబ్యునల్ వేసే పరిహారం లక్షల్లో ఉంటుంది. కంపెనీ కట్టినా తర్వాత మీ దగ్గర వసూలు చేసుకోమని ఉత్తర్వు వస్తే ఆస్తి జప్తు దాకా వెళ్తుంది. పర్మిట్ లేని బండి విషయంలో 2018లో అమృత్ పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా అదే "కట్టు, ఆపై వసూలు చేసుకో" దారి పట్టింది.

మల్కాజిగిరి_మధు

అప్పారావన్నా, గా పాలసీ ఈ రోజే మార్చుకో. మస్తు రిస్కు.

ఆన్‌లైన్_అప్పారావు

ఆలోచిస్తా. గూడ్స్‌కి 16 వేలు అంటున్నారు, అదీ బాధ.

స్టీరింగ్_సుబ్బు

7,500 కిలోల లోపు గూడ్స్ బండికి పబ్లిక్ క్యారియర్ అయితే 16,049. మీ సొంత సరుకే మోస్తే ప్రైవేట్ క్యారియర్ కింద 8,510 అని అదే పట్టికలో ఉంది. చాలామంది ఏజెంట్లు ఈ లైను అసలు తెరవరు. అడగండి. కానీ ఒకసారి ప్రైవేట్ క్యారియర్ అని రాయించుకున్నాక పక్కవాడి సరుకు కిరాయికి వేయకూడదు.

ఆన్‌లైన్_అప్పారావు

ఇది నాకెవరూ చెప్పలేదు. మా షాపు సరుకే మోస్తాం. థాంక్స్ సుబ్బు గారూ. రేపే అడుగుతా.

నెల్లూరు_నరసమ్మ

వెంకటేశం గారూ, మాది కూడా ట్యాక్సీ ఈకోనే, వైట్ బోర్డుకి మార్పించాం. జరిగింది జరిగినట్టు చెప్తా. ముందు బండి మీ పేరు మీదకి మారాలి. పాతాయన పేరు మీద ఉండగా క్లాస్ మార్పు (ట్యాక్సీ నుంచి సొంత బండికి) ముట్టుకోరు. ఫైనాన్స్ ఉంటే తీసేయించాలి. తర్వాత పర్మిట్ సరెండర్. మూడు నెలల ట్యాక్స్ బాకీ, ఈ-చలాన్లు అన్నీ క్లియర్ కావాలి. మాకు అక్కడే ఆలస్యమైంది. పాత డ్రైవర్ హయాంలో వేరే జిల్లాల్లో పడ్డ చలాన్లు ఎన్నో బయటపడ్డాయి. అవి మేమే కట్టుకున్నాం. అప్పుడు క్లాస్ మార్పు దరఖాస్తు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూడటం, లైఫ్ ట్యాక్స్. లైఫ్ ట్యాక్స్ బండి వయసుని బట్టి తగ్గించి కట్టించుకుంటారు, కొత్త బండి రేటు కాదు. నంబరు కూడా మారింది, కొత్త ప్లేట్లు పెట్టించుకున్నాం.

ఇవన్నీ అయ్యాక కొత్త ఆర్సీ పట్టుకుని వెళ్తే ప్రైవేట్ కార్ ప్యాకేజ్ పాలసీ మారు మాట్లాడకుండా ఇచ్చారు. అంతకుముందు మీలాగే మేమూ ఇన్సూరెన్స్ ఆఫీసులో గొంతు చించుకున్నాం.

వ్యాను_వెంకటేశం

నరసమ్మ గారూ, చాలా ఉపయోగపడే మాట చెప్పారు. బండి నా పేరు మీదకి ఇంకా రాలేదు, ఫారాల మీద సంతకాలైతే అయ్యాయి. నెలాఖరులోపు ఇదంతా అవుతుందా?

నెల్లూరు_నరసమ్మ

అవ్వదు బాబూ. ఆశ పెట్టుకోకండి.

సర్వేయర్_శాస్త్రి

అసలు ప్రమాదం ఇక్కడుంది, గమనించండి. బండి కొన్న 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్‌ని మీ పేరు మీదకి మార్చమని కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. థర్డ్ పార్టీ వరకు చట్టంలోని 157వ సెక్షన్ పాలసీ మీకు బదిలీ అయినట్టే భావిస్తుంది. ఓన్ డ్యామేజ్‌కి ఆ రక్షణ లేదు. ఈ మధ్యలో బండి చెట్టుకి గుద్దుకుంటే పాతాయన పేరు మీద ఉన్న పాలసీ మీద మీరు రిపేరు ఖర్చు అడగలేరు.

ఇంకొకటి. పాతాయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు. అది బండిని అంటిపెట్టుకుని ఉండదు, మనిషితో పోతుంది. బదిలీ చేసేటప్పుడు ఆ తేడా కట్టమంటారు, అది న్యాయమే.

నెలాఖరుకి మాత్రం కమర్షియల్ పాలసీనే రెన్యూ చేయండి. డబ్బు పోతుందని భయం వద్దు. ఆర్సీ మారాక ప్రైవేట్ పాలసీ తీసుకుని, దాని కాపీ చూపించి పాతది రద్దు చేయించుకోవచ్చు. క్లెయిమ్ లేకపోతే మిగిలిన కాలానికి దామాషాగా ప్రీమియం వెనక్కి ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మాస్టర్ సర్క్యులర్‌లో ఉంది. మధ్యలో ఒక్కరోజు కూడా పాలసీ లేకుండా బండి తీయొద్దు. 196వ సెక్షన్ కింద మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 జరిమానా, జైలు కూడా ఉంది. జరిమానా చిన్నదే, ఆ రోజే ప్రమాదం జరిగితే పెద్దది.

స్టీరింగ్_సుబ్బు

రద్దు కాగితం మీద కొత్త పాలసీ నంబర్ రాయించి, ఆ అక్నాలెడ్జ్‌మెంట్ దాచుకోండి. రిఫండ్ వచ్చేదాకా ఫోన్లు చేస్తూనే ఉండాలి.

గుంటూరు_గోపాలం

నాదొక సందేహం. అమ్మగారిని ఎక్కించుకున్నప్పుడు ఏమైనా అయితే, ఏ పాలసీలో ఎక్కువ రక్షణ? కమర్షియల్‌లో ప్రయాణికుడికింత అని కట్టించుకుంటున్నారు కదా. ప్రైవేట్‌కి మారితే అది పోతుందా?

సర్వేయర్_శాస్త్రి

మంచి ప్రశ్న, దీన్ని చాలామంది వదిలేస్తారు. ప్రైవేట్ కారుకి రెండు రకాల పాలసీలు. ఒకటి ఒట్టి థర్డ్ పార్టీ. దాంట్లో ఊరికే కూర్చున్న మీ ఇంటివాళ్లకి మీ బాధ్యత కవర్ కాదు. రెండోది ప్యాకేజ్, జనం కాంప్రహెన్సివ్ అంటారు. అందులో కారులో కూర్చున్నవాళ్లు కూడా కవర్ అవుతారని అదే నియంత్రణ సంస్థ (అప్పటి పేరు ఐఆర్‌డీఏ) 2009 నవంబర్‌లో సర్క్యులర్ ఇచ్చింది, సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. అందుకని వెంకటేశం గారు 3,416 చూసి మురిసిపోయి ఒట్టి థర్డ్ పార్టీ తీసుకోకూడదు. ఈ బండి కొన్నదే అమ్మని ఎక్కించుకోవడానికి. ప్యాకేజే తీసుకోవాలి. పైగా మిగతా ప్రయాణికులకి వ్యక్తిగత ప్రమాద బీమా కొద్ది డబ్బుతో కలుపుకోవచ్చు. ఓనర్-డ్రైవర్‌కి 15 లక్షలది ఎలాగూ తప్పనిసరి.

వ్యాను_వెంకటేశం

ఇది నాకు అసలు తెలియదు. పక్కింటాయనకి ఉన్నది ఒట్టి థర్డ్ పార్టీయే! ఇప్పుడే వెళ్లి చెప్తా.

మల్కాజిగిరి_మధు

పక్కింటాయనకి ఇంత మంచి పొరుగు దొరికిండు.

కార్గో_కల్యాణి

నా సమస్య ఇంకోలా ఉంది, ఇక్కడే అడుగుతున్నా. నాది ఈకో కార్గో, కొనేటప్పుడే గూడ్స్. చీరల స్టాక్ మోస్తాను. ఇప్పుడు వ్యాపారం ఇంటి దగ్గరే పెట్టుకున్నా కాబట్టి వెనకాల సీట్లు వేయించి, కిటికీలు పెట్టించి, పిల్లల్ని స్కూలుకి తీసుకెళ్లాలని ఉంది. నరసమ్మ గారి దారిలో వైట్ బోర్డుకి మార్చి ప్రైవేట్ ఇన్సూరెన్స్ తీసుకోవచ్చా? ఒక గ్యారేజీవాళ్లు సీట్లు, కిటికీలు, పైన ఆర్సీ పని కూడా మేమే చేయిస్తామంటున్నారు.

స్టీరింగ్_సుబ్బు

కల్యాణి గారూ, వద్దు. ఆ గ్యారేజీకి అడ్వాన్స్ ఇవ్వకండి. ఇచ్చి ఉంటే వెనక్కి అడగండి.

నరసమ్మ గారి బండి పుట్టుకతోనే ప్రయాణికుల బండి. కంపెనీ దానికి సీట్లు, బెల్టులు పెట్టి ఎం1 కేటగిరీలో టెస్టు చేయించి అమ్మింది. కిరాయి రిజిస్ట్రేషన్ పైన వేసుకున్న రంగు లాంటిది, తీసేస్తే కింద కారే ఉంటుంది. మీది పుట్టుకతో ఎన్1, సరుకు బండి. వెనకాల సీటు బిగించే చోటు కూడా సీటు కోసం డిజైన్ చేసింది కాదు. 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన ఒరిజినల్ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన జయచంద్ర కేసులో ఇది గట్టిగా చెప్పింది.

తిరుపతి_టైర్లు

సుబ్బు గారూ, ఊర్లల్లో ఎంతమంది కార్గోకి సీట్లేసి తిప్పట్లేదూ? బానే తిరుగుతున్నాయి.

నెల్లూరు_నరసమ్మ

తిరగడం వేరు, పిల్లలు వెనక కూర్చుని ఉండటం వేరు అయ్యా. బెల్టు లేని సీటు మీద పిల్లల్ని కూర్చోబెట్టి బ్రేకు కొడితే ఏమవుతుందో ఊహించుకోండి.

సర్వేయర్_శాస్త్రి

కల్యాణి గారికి, తిరుపతి గారికి కలిపి. గూడ్స్ పాలసీ వెనక పేజీలో "వాడకపు పరిమితులు" అని ఒక పేరా ఉంటుంది. ఎవరూ చదవరు. అందులో ఆర్సీలో అనుమతించిన సంఖ్యకు మించకుండా, పనివాళ్ల పరిహార చట్టం కిందకి వచ్చే ఉద్యోగుల్ని తప్ప ప్రయాణికుల్ని ఎక్కించకూడదని స్పష్టంగా ఉంటుంది. సరుకు యజమాని, ఆయన తరఫు మనిషికి మాత్రం 1994 సవరణ తర్వాత చట్టం రక్షణ ఇచ్చింది. ఊరికే ఎక్కించుకున్నవాళ్లకి లేదు. ఆశారాణి కేసులో ముగ్గురు జడ్జీలు 2002 డిసెంబర్‌లో ఈ సంగతి తేల్చేశారు.

నేను ఒక పల్లెలో చూశాను. పెళ్లి బృందం గూడ్స్ వ్యానులో వెనకాల చాపలు పరుచుకుని కూర్చుంది. వ్యాను మలుపులో పక్కకు ఒరిగింది. నేను వెళ్లేసరికి డెక్కు మీద పసుపు కొమ్ముల పళ్లెం బోర్లాపడి ఉంది, ఒక చిన్నపిల్ల చెప్పు ఇనుప కొక్కేనికి ఇరుక్కుని ఉంది. దేవుడి దయ, ఎవరూ చనిపోలేదు. కానీ చేతులు కాళ్లు విరిగినవాళ్లకి పాలసీ నుంచి ఒక్క రూపాయి రాలేదు. బండి ఓనర్ పొలం అమ్మి ఇచ్చాడు. మంచి మనిషి కాబట్టి ఇచ్చాడు.

కార్గో_కల్యాణి

గ్యారేజీకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. మరి నేనేం చేయాలి? కార్గో అమ్మేసి ప్యాసింజర్ ఈకో కొనుక్కోవాలా?

స్టీరింగ్_సుబ్బు

పిల్లల కోసమైతే అదే దారి. స్టాక్ కూడా అందులోనే వేద్దామనుకుంటున్నారా?

కార్గో_కల్యాణి

అవును. సీట్లు మడిచి చీరల మూటలు వేసుకుందామని.

స్టీరింగ్_సుబ్బు

అక్కడ ఇంకో చిక్కు ఉంది. ప్రైవేట్ కార్ పాలసీలో కూడా వాడకపు పరిమితులు ఉంటాయి. కిరాయికి వాడకూడదు, పందేలకి వాడకూడదు, వీటితో పాటు శాంపిళ్లు, సొంత లగేజీ తప్ప సరుకు రవాణా చేయకూడదు. పండక్కి ఊరెళ్తూ బియ్యం బస్తా వేసుకుంటే లగేజీ. రోజూ షాపుకి చీరల మూటలు వేస్తే అది సరుకు. క్లెయిమ్ రోజున వెనకాల ఇన్వాయిస్‌లతో మూటలు ఉంటే సర్వేయర్ ఫొటో తీస్తాడు.

గుంటూరు_గోపాలం

అంటే కార్గో ఉంచుకుని, పిల్లలకి వేరే చిన్న కారు. రెండూ ఒకే బండిలో కుదరవు అంటున్నారు.

కార్గో_కల్యాణి

రెండు బండ్ల ఖర్చు అవుతుంది. కానీ ఇంతమంది ఇంత వివరంగా చెప్పాక మళ్లీ ఆ ఆలోచన చేయను. ఇంకో మాట, మా కార్గోకి పర్మిట్ లేదు. అది తప్పా?

స్టీరింగ్_సుబ్బు

తప్పు కాదు. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి 66వ సెక్షన్ మూడో ఉపసెక్షన్‌లో పర్మిట్ మినహాయింపు ఉంది. గూడ్స్ పాలసీ మాటల్లో కూడా ఆ ఉపసెక్షన్ పేరు పెట్టి మరీ ఒప్పుకుంటారు. ఫిట్‌నెస్ మాత్రం తప్పదు. బండికి ఎనిమిదేళ్లు వచ్చేవరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా. ఫిట్‌నెస్ తేదీ దాటి ఉండగా ప్రమాదం జరిగితే కంపెనీ మొదట పట్టుకునేది దాన్నే.

తిరుపతి_టైర్లు

కార్గో ఉంచుకుంటున్నారు కాబట్టి ఒక మాట. మా బావమరిది గూడ్స్ వ్యాను ముందు భాగం ఆటోకి తగిలింది. బంపర్, రెండు హెడ్‌లైట్లు, మడ్‌గార్డు పోయాయి. పాలసీ ఫుల్ అని నమ్మి వెళ్తే కంపెనీ ఏమీ ఇవ్వలేదు. రేడియేటర్‌కి మాత్రం కొంచెం ఇచ్చారు. ఫుల్ పాలసీలో ఇదేం అన్యాయం అని నేనే వాళ్లతో గొడవ పడ్డా.

సర్వేయర్_శాస్త్రి

అన్యాయం కాదు తిరుపతి గారూ, ఐఎంటీ 23 అని పాలసీకి అదనంగా కలిపే షరతు ఒకటి ఉంది, అది తీసుకోలేదు. ట్యాక్సీలకు ఇది వర్తించదు కానీ గూడ్స్ లాంటి కమర్షియల్ బండ్లకి మామూలు ప్యాకేజ్ పాలసీలో దీపాలు, టైర్లు, మడ్‌గార్డులు, బానెట్ పక్క భాగాలు, బంపర్లు, రంగు, ఇవి బండి మొత్తం పోతే తప్ప రావు. ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీద కాస్త అదనం కట్టి ఐఎంటీ 23 వేయించుకుంటే వస్తాయి. అదీ లెక్కగట్టిన నష్టంలో సగం మీరు భరించాలి. సగమైనా నయమే, చిన్న బండికి తగిలేవి ఎక్కువగా ముందు భాగానికే. కల్యాణి గారూ, మీ పాలసీ షెడ్యూల్ తీసి ఐఎంటీ నంబర్ల వరుసలో 23 ఉందో లేదో ఈ రోజే చూడండి.

కార్గో_కల్యాణి

చూశా. 21 ఉంది, 23 లేదు.

సర్వేయర్_శాస్త్రి

21 అంటే ఆ మినహాయింపే. రెన్యూవల్‌లో 23 వేయించండి.

ఆన్‌లైన్_అప్పారావు

అప్‌డేట్. మా ఏజెంట్‌తో మాట్లాడా. ప్రైవేట్ క్యారియర్ కింద 8,510 లైను ఉందని ముందు ఒప్పుకోలేదు, పట్టిక చూపించమన్నాక ఒప్పుకున్నాడు. షాపు జీఎస్టీ సర్టిఫికెట్, సొంత సరుకే మోస్తామని డిక్లరేషన్ అడిగాడు. రెండూ ఇస్తున్నా. ఐఎంటీ 23 కూడా వేయమన్నా. పాత ప్రైవేట్ పాలసీ రద్దుకి పెడుతున్నా.

మల్కాజిగిరి_మధు

శభాష్ అన్నా. ఇగ నిమ్మళంగ నిద్రపోవచ్చు.

గుంటూరు_గోపాలం

వెంకటేశం గారూ, ఆర్సీ మారేలోపు పసుపు బోర్డు బండిని మీరే నడుపుతారా? మామూలు కారు లైసెన్సే అయితే ఏమైనా ఇబ్బందా? ట్రాన్స్‌పోర్ట్ బ్యాడ్జ్ కావాలని మా ఊళ్లో ఒకాయన భయపెట్టాడు.

స్టీరింగ్_సుబ్బు

అక్కర్లేదు. 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండిని ఎల్ఎంవీ (మామూలు కారు) లైసెన్స్‌తో నడపొచ్చని 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీలు ఒప్పుకోక మళ్లీ కోర్టుకి వెళ్తే 2024 నవంబర్ 6న ఐదుగురు జడ్జీల ధర్మాసనం రంభాదేవి కేసులో దాన్నే ఖాయం చేసింది. ఈ ఒక్క విషయంలో టెన్షన్ వదిలేయొచ్చు.

వ్యాను_వెంకటేశం

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇన్సూరెన్స్ ఆఫీసు చుట్టూ తిరగడం ఆపేశాను. ముందు పేరు మార్పుకి పెట్టాను. కమర్షియల్ ప్యాకేజ్ రెన్యూవల్‌కి డబ్బు కట్టేశాను, తర్వాత చలాన్లు వెతికించాలి. శాస్త్రి గారూ, ఒక్కటే మిగిలింది. నేను ఊళ్లో లేనప్పుడు అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి నెల జీతం మీద ఒక కుర్రాణ్ని పెట్టుకుందామనుకుంటున్నా. ప్రైవేట్ పాలసీలోకి మారాక డ్రైవర్‌ని పెట్టుకుంటే కిరాయి వాడకం అంటారా?

సర్వేయర్_శాస్త్రి

అనరు. ప్రయాణికుల దగ్గర డబ్బు తీసుకుంటేనే కిరాయి. కానీ ఓనర్-డ్రైవర్‌కి ఉన్న 15 లక్షల బీమా ఆ కుర్రాడికి వర్తించదు, అది మీకు మాత్రమే. అతనికోసం "పెయిడ్ డ్రైవర్ లయబిలిటీ" అని విడిగా కలపమనండి, ఐఎంటీ 28. టారిఫ్‌లో డ్రైవర్‌కి 50 రూపాయలే. లైసెన్స్ ఒరిజినల్ చూసి, గడువు తేదీతో సహా ఫొటో తీసి పెట్టుకోండి.

వ్యాను_వెంకటేశం

ఐఎంటీ 28. రాసుకున్నా.